ఒకే వస్తువు, పలు దృశ్యములు: సంస్థల నక్షాలను గీయు విధానము

మన హుస్నాబాద్ ఏ జిల్లాలోనిది? ఈ ప్రశ్నను మొదటి సంవత్సరపు విద్యార్థుల ముందుంచిన సిద్దిపేట అని ఠక్కున బదులు వచ్చును. ఇంటి పెద్దలను అడిగినచో, నాలుకకు అలవాటైన మాట గనుక, కరీంనగర్ అనుటయు కద్దు. ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు హుస్నాబాద్, కోహెడ మండలములును, కొత్తగా ఏర్పడిన అక్కన్నపేట మండలమును కరీంనగర్ నుండి వేరుపడి సిద్దిపేట జిల్లాలో చేరినవి. కాని ఎన్నికల పటమును విప్పి చూచినచో సంగతి వేరు. హుస్నాబాద్ శాసనసభా నియోజకవర్గములో సైదాపూర్, చిగురుమామిడి మండలములు కూడ కలవు. అవి కరీంనగర్ జిల్లాలోనే ఉండిపోయినవి. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి మండలములు వరంగల్ అర్బన్ జిల్లాకు పోయినవి. ఆ జిల్లాకే 2021లో హనుమకొండ అని పేరు మారినది. ఆ విధముగా ఒక్క నియోజకవర్గము మూడు జిల్లాలలో కాలు మోపి నిలిచినది. లోక్‌సభకు వచ్చుసరికి ఇది కరీంనగర్ నియోజకవర్గములోని భాగము. ఉత్తరముపై వ్రాయు పిన్ కోడు సైతము కరీంనగర్ ప్రాంతపు 505 తోనే మొదలగుచున్నది.

రెవెన్యూ వారి కంటికి ఒక పటము, ఎన్నికల వారికి మరియొకటి, తపాలా వారికి ఇంకొకటి. ఊరు మాత్రము ఒక్కటే. ఈ వ్యాసమునకు ఇదియే విషయము. ఒక సంస్థలోని మనుషులు, పనులు, పత్రములు, కంప్యూటర్ వ్యవస్థలు, వీటి నడుమ గల సంబంధములు, ఇవన్నియు ఒకచోట నమోదు చేసి, అడిగిన వారి అవసరమును బట్టి వేర్వేరు చిత్రములుగా చూపు శాస్త్రమును ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అందురు. తెలుగులో సంస్థా నిర్మాణ శిల్పము అనుకొనవచ్చును. పేరు పెద్దది గాని, పని మనకు కొత్తది కాదు.

పహాణీని గుర్తునకు తెచ్చుకొనుడు. పల్లెలో భూమి గల కుటుంబము నుండి వచ్చిన విద్యార్థికి దానిని వివరింపనక్కరలేదు. పహాణీ సర్వే నంబరు వరుసలో నడచును: ఈ నంబరు భూమి ఎంత, ఎవరి పట్టా, ఎవరి అనుభవము. 1బి అను రిజిస్టరు పట్టాదారు వరుసలో నడచును: ఈ మనిషికి ఏయే నంబర్లలో ఎంతెంత భూమి. ఇక గ్రామపు నక్షా ఆ నంబర్ల సరిహద్దులను చూపును. మూడును ఒకే నేలను గూర్చి చెప్పుచున్నవి; ప్రశ్నలే వేరు. అయితే వీనిని చేతితో విడివిడిగా వ్రాసిన కాలమున ఒకదానిలో దిద్దుబాటు జరిగి, రెండవదానిలో జరుగక, తగవులు తరములు నడచినవి. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి గాని, 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతి గాని తలకెత్తుకొన్న భారములలో ఈ పొంతనలేమి ఒకటి. నక్షా, దఫ్తరు, తహసీలు, ఈ మాటలన్నియు ఉర్దూ దారిన మనకు వచ్చినవే. కావున ఈ విద్యకు మన కళాశాలలో ఉర్దూ, తెలుగు విభాగములు రెండును సమాన వారసులని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

కంప్యూటర్ రంగమున ఈ ఆలోచనకు ఒక స్పష్టమైన రూపము 1987లో వచ్చినది. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన జాన్ జాక్‌మన్ ఆ సంవత్సరము ప్రచురించిన వ్యాసమున గృహనిర్మాణమును ఉపమానముగా గ్రహించెను. ఇంటి యజమానికి చూపు చిత్రము వేరు. శిల్పి తయారుచేయు నక్షా వేరు. కట్టువాడు చేత పట్టుకొని గోడలు లేపు నక్షా వేరు. ఒకటి మంచిది, ఇంకొకటి చెడ్డది అని కాదు. ఎవరి పనికి తగినది వారిది. తరువాత 2002, 2004 సంవత్సరముల నడుమ నెదర్లాండ్స్ దేశమున జరిగిన పరిశోధన ఫలితముగా ఆర్కిమేట్ అను చిత్రభాష రూపొందినది. దానిని 2008లో ది ఓపెన్ గ్రూప్ అను ప్రమాణముల సంస్థ స్వీకరించి, 2009లో ఒకటవ సంచికను వెలువరించినది. మన తెలుగు నేలపై ఈ శాస్త్రము పెద్ద ఎత్తున వినబడినది 2015లో. ఆనాడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇ-ప్రగతి అను పేరున 33 శాఖలను, 315 సంస్థలను ఒక్క నిర్మాణ చిత్రములోనికి తేవలెనని సంకల్పించినది. కేంద్ర ప్రభుత్వము ఇండియా అను పేరును తలపించునట్లు ఇండ్-ఇ-ఎ అను నమూనా చట్రమును 2018లో ప్రకటించినది.

అంత పెద్ద సంగతులు మనకెందుకు అని అడుగవచ్చును. నిజమే. నేనును ఈ విద్యను పుస్తకములో చదివినప్పుడు నాకు బోధపడలేదు. చార్టు కాగితముపై తప్పు చేసిన తరువాతనే బోధపడినది.

చార్టు కాగితముపై చేసిన తప్పు

తరగతిలో అందరికిని తెలిసిన విషయము కావలెనని ఉపకార వేతనపు దరఖాస్తును ఎన్నుకొంటిమి. విద్యార్థి మీసేవకు పోవుట, తహసీల్దారు కార్యాలయము ధ్రువపత్రము నిచ్చుట, ఇ-పాస్‌లో దరఖాస్తు నింపుట, కళాశాల పరిశీలించుట, సంక్షేమ శాఖ మంజూరు చేయుట, తుదకు సొమ్ము బ్యాంకు ఖాతాను చేరుట, ఇదంతయు రంగు పెన్నులతో గీసితిమి. చూచుటకు ముచ్చటగా నున్నది. అంతలో వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, "సార్, ఇందులో మూడు తహసీల్దారు ఆఫీసులు ఉన్నవి. నేను మూడు సర్టిఫికెట్లకూ పోయింది ఒక్కదానికే కదా!" అన్నది. తరగతి నవ్వినది. ఆదాయము, కులము, నివాసము అను మూడు పత్రముల దగ్గర మూడు పర్యాయములు ఆ కార్యాలయపు పెట్టెను నేనే గీసితిని. గీతలు ఒకదానినొకటి దాటకుండ అందముగా ఉండవలెనని అట్లు చేసితిని.

చిత్రమునకును నమూనాకును గల భేదము ఇక్కడనే ఉన్నది. చిత్రములో పెట్టె అనగా సిరా గీత మాత్రమే. మూడు చోట్ల గీసినచో అవి మూడు పెట్టెలు. నమూనాలో పెట్టె అనగా ఒక వస్తువునకు నిలబడిన గుర్తు. లోకములో కార్యాలయము ఒక్కటియైనచో నమూనాలోను ఒక్కటియే ఉండవలెను. దానిని ఎన్ని దృశ్యములలోనైన చూపవచ్చును. చార్టు కాగితము ఈ భేదమును ఎరుగదు. మామూలుగా బొమ్మలు గీయుటకు వాడు కంప్యూటర్ సాధనములును ఎరుగవు. నమూనా సాఫ్ట్‌వేర్ ఎరుగును. దాని విలువ అంతయు అక్కడనే కలదు.

ఆర్కితో పని

ఇట్టి సాఫ్ట్‌వేర్లు పలు కలవు. ఆస్ట్రేలియాకు చెందిన స్పార్క్స్ సిస్టమ్స్ వారి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ ప్రసిద్ధమైనది, కాని ధర చెల్లించవలెను. విద్యార్థులకు నేను సూచించునది ఆర్కి. ఇంగ్లండులోని బోల్టన్ విశ్వవిద్యాలయమున పుట్టి 2010లో వెలువడిన ఈ సాధనము ఉచితము. మామూలు కంప్యూటర్‌పై నడచును.

ఆర్కిని తెరచి కొత్త నమూనాను సృష్టింపగనే ఎడమ ప్రక్క ఒక చెట్టు కనబడును. దాని కొమ్మలలో వ్యవహారము, అప్లికేషన్లు, సాంకేతిక సామగ్రి మొదలగు అరలు, సంబంధములకు ఒక అర, చివర దృశ్యములకు ఒక అర ఉండును. మధ్యనున్న తెల్లని పలకపై గీయవలెను. పలక ప్రక్కన గుర్తుల పెట్టె, క్రింద గుణముల పట్టిక. వ్యవహారమునకు పసుపు, అప్లికేషన్లకు నీలము, సాంకేతిక సామగ్రికి ఆకుపచ్చ రంగు వాడుట వాడుక. రంగులకు శాస్త్రరీత్యా నియమము లేదు గాని, చూచువారికి సౌకర్యము.

గుర్తుల పెట్టె నుండి ఒక గుర్తును తెచ్చి పలకపై ఉంచినచో కొత్త వస్తువు పుట్టి చెట్టులో చేరును. అదే వస్తువు మరియొక దృశ్యములో కావలసి వచ్చినప్పుడు గుర్తుల పెట్టె వైపు పోరాదు. ఎడమ ప్రక్క చెట్టు నుండి ఆ వస్తువును పట్టి లాగి తెచ్చుకొనవలెను. ఇది ఒక్కటి నేర్చినచో సగము విద్య వచ్చినట్లే. మొదటి వారములో విద్యార్థులందరును, నాతో సహా, గుర్తుల పెట్టె వైపునకే చేయి చాపినారు. ఫలితము, చార్టు కాగితముపై జరిగిన తప్పే తెరపై మరల జరిగినది. ఆర్కిలో నమూనాను పరీక్షించు ఏర్పాటు ఒకటి కలదు. అది ఒకే పేరుతో రెండు వస్తువులున్న యెడల చూపును, ఏ దృశ్యములోను లేని వస్తువులను చూపును, ఖాళీ దృశ్యములను చూపును. ప్రతి దినము పని ముగించుటకు ముందు దానిని ఒకసారి నడుపుట మంచిది.

తుడిచివేయుటలోను రెండు విధములు కలవు. పలకపై నున్న పెట్టెను తొలగించినచో అది ఆ దృశ్యము నుండి మాత్రమే పోవును. వస్తువు చెట్టులో నిలిచియే ఉండును. ఏ దృశ్యములోను లేని వస్తువు పేరు చెట్టులో వాలిన అక్షరములతో కనబడును. నమూనా నుండియే తొలగించుట వేరు ఆజ్ఞ. దానితో అన్ని దృశ్యములలోను అది మాయమగును. తొందరపడి రెండవదానిని వాడి, నాలుగు దినముల పనిని పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

ఇక సంబంధములు. ఆర్కిమేట్ మూడవ సంచికలో పదకొండు విధములైన సంబంధములు చెప్పబడినవి. అన్నిటిని కంఠస్థము చేయవలసిన పని లేదు. ఒక గుమాస్తా ఒక పనికి నియుక్తుడగుట అసైన్‌మెంట్. ఒక పని ముగిసి మరియొక పనిని మొదలుపెట్టించుట ట్రిగ్గరింగ్. ఒక అప్లికేషన్ ఒక దత్తాంశమును చదువుటయో వ్రాయుటయో యాక్సెస్. ఒకటి మరియొకదానికి సేవ చేయుట సర్వింగ్. ఈ చివరిదాని బాణపు దిశలో ప్రతివాడును పొరపడుచున్నాడు. విద్యార్థి నడచిపోవునది మీసేవ కేంద్రమునకు గనుక బాణమును విద్యార్థి నుండి మీసేవకు గీయుదురు. కాళ్ళు పోవు దిక్కు అది. సేవ పోవు దిక్కు దానికి ఎదురు. బాణము సేవ చేయువాని నుండి సేవ పొందువాని వైపు ఉండవలెను. రెండు వస్తువుల నడుమ ఏ సంబంధము చెల్లునో తెలియనప్పుడు మ్యాజిక్ కనెక్టర్ అను గుర్తును వాడినచో, చెల్లుబాటగు సంబంధములను మాత్రమే అది ముందుంచును.

వ్యాసారంభమున చెప్పిన జిల్లాల సంగతి ఇక్కడ మరల అక్కరకు వచ్చుచున్నది. భీమదేవరపల్లి నుండి వచ్చు విద్యార్థుల కొరకు వరంగల్ అర్బన్ జిల్లా కార్యాలయమును ఒక వస్తువుగా చేసి ఐదు దృశ్యములలో చూపినామనుకొందము. 2021లో హనుమకొండ అని పేరు మారినప్పుడు చెట్టులో ఒక్కచోట పేరు దిద్దిన చాలును. ఐదు దృశ్యములును దిద్దబడును. ఐదు చార్టులు గీసిన వానికి ఐదు దిద్దుబాట్లు, మరచిపోయినచో ఒక అబద్ధము. కాని హుస్నాబాద్ విషయము ఇంత సులువు కాదు. ఇక్కడ మారినది పేరు కాదు, సంబంధము. తహసీల్దారు కార్యాలయమునకు కరీంనగర్ కలెక్టరేటుతో ఉన్న సంబంధమును నమూనా నుండి తొలగింపగనే అది అన్ని దృశ్యముల నుండి తొలగును. సిద్దిపేటతో కొత్తగా గీసిన సంబంధము మాత్రము ఇతర దృశ్యములలోనికి తనంతట తాను రాదు. ఒక్కొక్క దృశ్యమును తెరచి తెచ్చిపెట్టవలెను. సాఫ్ట్‌వేర్ చేయునదేది, మనము చేయవలసినదేది అను ఎరుక ఉండుట మేలు.

ఎవరి దృశ్యము వారిది

నమూనా ఒక కొలిక్కి వచ్చిన తరువాత దృశ్యములను తయారుచేయవలెను. ప్రతి దృశ్యమునకు ముందు ఒక ప్రశ్నను కాగితముపై వ్రాసికొనుడని నేను చెప్పుచుందును. విద్యార్థి ప్రశ్న: నేను ఎక్కడికి పోవలెను, ఏమేమి తీసికొని పోవలెను? అతని దృశ్యములో సర్వర్లు, దత్తాంశములు అక్కరలేదు; ఐదారు పెట్టెలు చాలును. కార్యాలయపు గుమాస్తా ప్రశ్న: ఏ దరఖాస్తు నా దగ్గర ఆగినది, ఏది పై వారి దగ్గర ఆగినది? ప్రిన్సిపాల్ ప్రశ్న: ఏ దశకు బాధ్యులెవరు? ఆర్కిలో ప్రతి దృశ్యమునకు ఒక దృక్కోణమును నిర్ణయింపవచ్చును. అట్లు నిర్ణయించినప్పుడు ఆ దృక్కోణమునకు చెందని వస్తువులు వెలిసిపోయినట్లు కనబడును. అన్నిటిని ఒకే చిత్రములో ఇరికించవలెనను కోరిక అందరికిని కలుగును. నూరు పెట్టెలు గల చిత్రమును గోడకు తగిలించినచో వచ్చినవారు మెచ్చుకొందురు. చదువువారు మాత్రము ఉండరు.

మా నమూనాలో అన్నిటికంటె ఉపయోగపడిన దృశ్యము మేము అనుకొనినది కాదు. దరఖాస్తులు ఎక్కడ ఆగుచున్నవని వెదకుచుండగా పేరు దగ్గర ఆగుచున్నవని తేలినది. పదవ తరగతి మెమోలో మహమ్మద్ అని పూర్తిగా ఉండును. ఆధార్‌లో ఎండీ అని రెండు అక్షరములుగా ఉండును. బ్యాంకు పుస్తకములో ఇంగ్లీషు వర్ణక్రమము మరియొక రీతిగా ఉండును. ఆడపిల్లల పేర్ల చివర బేగం అనునది ఒకచోట ఉండి ఒకచోట ఉండదు. ఉర్దూలో వ్రాసినచో ఒక్కటే పేరు. ఇంగ్లీషు లిపిలోనికి దింపిన ప్రతిసారి ఒక కొత్త రూపము. ఇది ముస్లిం విద్యార్థుల చిక్కు మాత్రమే అనుకొనరాదు. ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరముగా, ఒకచోట ముందు, ఒకచోట వెనుక వ్రాయు తెలుగువారిదియు ఇదే గతి. మనిషి కన్నులకు ఇవన్నియు ఒక్క మనిషే. అక్షరమునకు అక్షరము పోల్చు యంత్రమునకు కాదు. దరఖాస్తు ఆగినచో రుసుము రాదు. రుసుము రానిచో పరీక్షల నాటికి ఆ ఇంటివారు అప్పు చేయవలసి వచ్చును.

ఇక్కడ నా రెండవ తప్పు బయటపడినది. తహసీల్దారు కార్యాలయము ఒక్కటియైయుండగా మూడుగా గీసితిని. విద్యార్థిని మాత్రము ఒక్క పెట్టెగా గీసి ఊరకుంటిని. మనిషి ఒక్కటే, నిజము. కాని వ్యవస్థలలో ఉన్నది మనిషి కాదు, మనిషిని గూర్చిన నమోదు. పరీక్షల బోర్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి, కళాశాల రిజిస్టరులో ఒకటి. కావున నమూనాలో విద్యార్థి అను పాత్ర ఒకటిగాను, నమోదులు నాలుగు వేర్వేరు దత్తాంశములుగాను ఉండవలెను. ఒకచోట మూడింటిని ఒకటి చేసితిమి. ఇంకొకచోట ఒకదానిని ఐదు చేసితిమి. ఏది ఒకటి, ఏది పలు అను ఈ వివేచనను ఏ సాఫ్ట్‌వేరును మన కొరకు చేయదు. ఈ శాస్త్రములో కష్టమైన భాగము ఇదియే. తక్కినది మౌస్ పట్టుకొను అలవాటు.

విద్యార్థి, నాలుగు నమోదులు, వాటిని చదువు నాలుగు వ్యవస్థలు, పోలిక జరుగు దశ, ఇంతమాత్రముతో ఒక చిన్న దృశ్యమును చేసితిమి. దానిని చూడగనే తరగతిలో చర్చ మొదలైనది. ఏ నమోదు మూలము? విద్యాసంస్థలు సాధారణముగా పదవ తరగతి మెమోను ఆధారముగా గ్రహించును గనుక తక్కినవి దాని ప్రకారము దిద్దుకొనవలెను. ఎప్పుడు దిద్దుకొనవలెను? పోలిక జరుగునది దరఖాస్తు దశలో. అప్పటికి గడువు దగ్గరపడును. నాలుగు పత్రములును విద్యార్థి చేతిలో ఒక్కసారిగా ఉండు దినము ఏది? ప్రవేశపు దినము. నాడే బల్లపై నాలుగింటిని వరుసగా పరచి పేరును అక్షరము వెంట అక్షరము చూచినచో దిద్దుకొనుటకు నెలల వ్యవధి దొరకును. ప్రశ్న లేపినది ముందు చెప్పిన విద్యార్థినియే. దృశ్యములోని ఒక బాణమును వెనుకకు జరిపి చూపినది. ఆ పిల్ల పేరులోను నాలుగు పత్రములలో రెండు రూపములున్న సంగతి తరువాత తెలిసినది.

మన కళాశాలకు ప్రత్యేకముగా పనికివచ్చు ఒక సౌకర్యమును చెప్పి ముగింతును. ఆర్కిలో ప్రతి వస్తువునకు మనకు తోచిన గుణములను చేర్చవచ్చును. తెలుగు పేరు, ఉర్దూ పేరు అను రెండు గుణములను చేర్చి, పెట్టెపై ఏ గుణము కనబడవలెనో సూచింపవచ్చును. ఒకే నమూనా నుండి తెలుగు అక్షరములతో ఒక దృశ్యము, ఉర్దూ అక్షరములతో ఒక దృశ్యము వచ్చును. వస్తువు మారదు, సంబంధము మారదు; పెట్టెపై మాట మారును. చిత్రములను బొమ్మలుగా భద్రపరచి అచ్చు వేయవచ్చును, లేదా మొత్తము నమూనాను బ్రౌజరులో చదువుకొను నివేదికగా వెలువరింపవచ్చును. విద్యార్థి దృశ్యమును రెండు భాషలలో అచ్చు వేసి ప్రవేశముల బల్ల దగ్గర గోడకు అతికించవలెనని తరగతి కోరినది. తెలుగు ప్రతి సిద్ధమైనది. ఉర్దూ ప్రతిలో తహసీల్దారు కార్యాలయమునకు దఫ్తర్ అను మాట ఉంచవలెనా, ఆఫీస్ అను మాట ఉంచవలెనా అను విషయమై ఉర్దూ విభాగపు విద్యార్థులలో ఇంకను ఏకాభిప్రాయము కుదురలేదు.